ఆమె అనని వాక్యం

ఎదుటి మనిషి అనని మాటను ఆ మనిషి నోట్లో పెట్టి, దానికి చప్పట్లు కొట్టించుకున్నారా మీరెప్పుడైనా?

నేను కొట్టించుకున్నాను. ఏళ్ల తరబడి. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో, నన్ను పిలిచిన ప్రతి సభలో. నేను రాసిన వందల పేజీల్లో జనం గుర్తుపెట్టుకున్నది ఒక్కటే వాక్యం: "జనం కన్నీళ్లు వాళ్ల గుండెల్లో లేవు సార్, నా ఫైలులో ఉన్నాయి." ఒక చర్చిలో కీబోర్డు వాయించే ఆమె నాతో ఈ మాట ఒప్పుకుందని రాశాను. ఆమె ఒప్పుకోలేదు. అచ్చులో చూసేదాకా ఆ మాట ఒకటి ఉందని కూడా ఆమెకు తెలియదు. నేను మా ఇంట్లో కుర్చీలో కూర్చుని తయారుచేసిన మాట అది. మొదట "కీబోర్డులో" అని రాసి, బాగాలేదని కొట్టేసి "ఫైలులో" అని మార్చాను. ఆ కొట్టివేత కూడా నాకు గుర్తుంది.

దీన్ని ఇన్నేళ్లు మోశానని చెప్పుకుంటే అది కూడా సగం అబద్ధమే అవుతుంది. చాలా రోజులు మరిచే ఉన్నాను. తిన్నాను, పడుకున్నాను, క్లాసులు చెప్పాను. మరిచిపోగలిగాను అన్నదే ఇప్పుడు ఎక్కువ బరువుగా ఉంది.

పేరు రాయడం లేదు. ఆ వ్యాసం చదివినవాళ్లకు నేనెవరో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. చదవనివాళ్లకు నా పేరుతో పని లేదు. ఇది పిరికితనమా? కొంత అదే కావచ్చు. రాస్తూ పోతే తెలుస్తుంది.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. సెలవు రోజుల్లో ఊళ్లకు పోయి బాబాల గుట్టు విప్పేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించేవాణ్ణి. నిమ్మకాయ కోసి 'నెత్తురు' కార్పించి, కత్తికి ముందే ఏం పూశానో జనానికి చూపించేవాణ్ణి. నాకు ఇంకో పిచ్చి కూడా ఉండేది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు, లోపల ఏముందో తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు ఇవ్వవచ్చు. నా దృష్టిలో రెండూ ఒకే ఉద్యమం. దాచకు, తెరిచి చూపించు. ఎన్ని వేదికల మీద ఎంత గొంతు చించుకుని చెప్పానో ఈ మాట!

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు, మా కాలేజీలో పెట్టిన ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ శిబిరానికి కరుణ వచ్చింది. ఆ పేరు అసలుది కాదు. ముప్పై ఏళ్ల మనిషి. నార్కట్‌పల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో బట్టలు కుట్టేది, అక్కడి చిన్న చర్చిలో కీబోర్డు వాయించేది. ఆ చర్చిని వాళ్లు మందిరం అంటారు. ఆమె కీబోర్డు పాతది. నొక్కే మెట్లు పనిచేస్తున్నాయి కానీ లోపలి శబ్దం చచ్చిపోయింది. దాన్ని తమ్ముడి పాత లాప్‌టాప్‌కు తగిలిస్తే శబ్దాలు లాప్‌టాప్ నుంచి వస్తాయని ఎవరో చెప్పారట. బజారులో కంప్యూటర్ల షాపాయన శబ్దాలు పుట్టించే వేల రూపాయల సింథసైజర్ ప్రోగ్రాంను దొంగ కాపీ చేసి వేసిస్తానన్నాడట. ఆమె వద్దని వచ్చేసింది.

"దొంగది పెట్టి దేవుని పాట వాయిస్తమా సార్?" అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ ముచ్చటేసింది కూడా. దేవుడున్నాడని ఆమె, లేడని నేను. దొంగ కాపీ వద్దన్న దగ్గర ఇద్దరం ఒకటే. ఉచితంగా, బాజాప్తాగా దొరికే సింథసైజర్ ఒకటి ఆమె లాప్‌టాప్‌లో వేసిచ్చాను. దాన్ని వాడటం నేర్పించాను. ఆమె ఊరికే వాడి ఊరుకునే రకం కాదు. శబ్దం ఎట్లా పుడుతుంది, ఎట్లా సన్నబడుతుంది, ఎట్లా లావెక్కుతుంది అని ఒక్కొక్కటీ తిప్పి చూసేది. కొన్ని నెలల్లోనే సొంతంగా ఒక 'ప్యాడ్' తయారుచేసుకుంది. ప్యాడ్ అంటే మెట్లు నొక్కి పట్టుకున్నంతసేపు ఆగకుండా, మెల్లగా పరుచుకుని ఉండే శబ్దం. పాట అయిపోయాక జనమంతా ఒకేసారి ఎవరి ప్రార్థన వాళ్లు పైకి చేసుకుంటారు కదా, అప్పుడు ఆ గొంతుల కింద కీబోర్డు మనిషి ఇది పట్టుకుని ఉండాలి. పాస్టరు చెయ్యి దించేదాకా వదలకూడదు. ఇది వాళ్ల పద్ధతి. ఆమె చేసిన ప్యాడ్ ఇసుర్రాయి తిరుగుతున్నట్టు ఉండేది. దాన్ని ఫైలుగా దాచేటప్పుడు తయారుచేసినవారి పేరు అడుగుతుంది ఆ ప్రోగ్రాం. ఆమె ఆ గడి ఖాళీగా వదిలేయబోతే నేనే ఆపాను. పనికి పేరు పెట్టాలి, సిగ్గుపడొద్దు అని చెప్పాను.

ఇక్కడిదాకా నేను మంచివాణ్ణే. చూశారా, ఎంత తీరుబడిగా రాశానో ఈ భాగం?

ఆ ఏడే నల్గొండలో ఒక చర్చావేదిక పెట్టారు. మతం, విజ్ఞానం మీద. కరుణ వాళ్ల ఊరి పాస్టరు కూడా వచ్చాడు. నేను నా ధోరణిలో దంచుతున్నాను. ఆయన లేచి, కోపం లేకుండా ఒక్క మాట అడిగాడు. "సార్, శుక్రవారం మా ఉపవాస ప్రార్థనకు వచ్చి కూసోండ్రి. మావోళ్లు ఎందుకేడుస్తరో మీ భౌతికశాస్త్రం ఏం చెప్తదో చూద్దం." హాలంతా నవ్వింది. పెద్ద అవమానమేమీ కాదు. కానీ నాకు చర్చలో నవ్వించడమే తెలుసు. నా మీద నవ్వు పడటం తెలియదు.

ఏడుపుకు కారణం ప్యాడే అని నిరూపించాలని ఇంటికి పోయేలోపే నిర్ణయించుకున్నాను.

ఒక శుక్రవారం పోయి వెనుక కూర్చున్నాను. పాస్టరు నన్ను చూసి నవ్వి, ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. ఎవరెవరు ఎప్పుడు ఏడుస్తున్నారో నోట్‌బుక్కులో గీతలు పెట్టుకున్నాను. ఆ వారంలోనే కరుణ లాప్‌టాప్ తెచ్చింది. శబ్దం గరగరమంటోందని, బాగుచేయమని. బాగుచేశాను. చేసి, ఆమెకు చెప్పకుండా ఆమె ప్యాడ్‌ను మార్చాను. మెట్లు వదలకుండా రెండు నిమిషాలు పట్టుకుంటే, అడుగు నుంచి ఒక మందమైన శబ్దం మెల్లగా లేచి పెరుగుతూ పోయేలా పెట్టాను. శరీరానికి తగిలే శబ్దం. మనుషులకు గుబులు పుట్టించే శబ్దం అని నేను నమ్మింది.

అడగవచ్చు కదా ఆమెను? చెప్పి చేయవచ్చు కదా? చెబితే ప్రయోగం చెడిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది శాస్త్రీయమైన కారణంలాగే ఉంది. అబద్ధం ఎప్పుడూ మన సొంత భాషలోనే మాట్లాడుతుంది మనతో. భక్తుడితో భక్తి భాషలో, నాతో ప్రయోగశాల భాషలో.

రెండో శుక్రవారం. పాట అయిపోయింది. జనం ప్రార్థన మొదలుపెట్టారు. కరుణ మెట్లు నొక్కి పట్టుకుంది. రెండు నిమిషాలకు నేను పెట్టిన శబ్దం లేచింది. లేచి పెరిగింది. నేను అనుకున్నదేదీ జరగలేదు. పైన రేకులు అదిరాయి. జనం ప్రార్థన ఆపి, కళ్లు తెరిచి పైకి చూశారు. హైవే మీది లారీ ఏదైనా లోపలికి వచ్చిందేమోనని ఒకాయన తలుపు దగ్గరికి పోయి చూసి వచ్చాడు. ఏడుస్తున్నవాళ్ల ఏడుపు కూడా ఆగింది. కరుణ గాబరాపడి మెట్ల మీది నుంచి చేతులు తీసేసింది. లాప్‌టాప్ మూసేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది.

ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ముసలామె, ఎల్లమ్మ అవ్వ, ఒక్కతే మొదలుపెట్టింది. కొడుకు దవాఖానలో ఉన్నాడు. "అయ్యా, నా కొడుకును జర సూడు. నన్ను తీస్కపో, వాన్ని ఇడ్శిపెట్టు." వాయిద్యం లేదు, మైకు లేదు. ఆ గొంతు వెనుక ఒక్కొక్కరే కలిశారు. ఆ రోజు ఏడ్చినంతగా అంతకు ముందు వారం ఏడవలేదు. నా నోట్‌బుక్కులో శబ్దం ఉన్నప్పటి గీతలు తక్కువ. శబ్దం ఆగినాక గీతలు ఎక్కువ. అంత తేడా.

నా వాదం ఓడిపోయింది. దేవుడు గెలవలేదు, అది వేరే సంగతి. ఆ అవ్వ ఏడ్చింది కొడుకు కోసం, చుట్టూ ఉన్నవాళ్లు ఏడ్చింది ఆమె కోసం. దానికి స్వర్గం దాకా పోనక్కర్లేదు. నేను అప్పుడూ నాస్తికుణ్ణే, ఇప్పుడూ నాస్తికుణ్ణే. కానీ ఏడుపును శబ్దం తయారుచేస్తోంది అన్న నా మాట తప్పని నా గీతలే చెప్పాయి. నిజమైన హేతువాది అయితే ఏం చేయాలి? 'నేను అనుకున్నది తప్పు' అని రాయాలి. నాలుగు వాక్యాల పని.

నేనేం చేశాను? ఇంటికి వచ్చి, ఆ పేజీ సాఫు చేసి రాసేటప్పుడు, రెండు వరుసల పైన శీర్షికలు మార్చేశాను. 'శబ్దం ఉన్నప్పుడు' అన్నది ఎక్కువ గీతల మీద. 'శబ్దం ఆగినాక' అన్నది తక్కువ గీతల మీద. ఒక్క గీత కూడా కల్పించలేదు, చూడండి. శీర్షికలే మార్చాను. ఆ తర్వాత, ఆ శబ్దం నేను పెట్టిందని కాకుండా ఆ చర్చిలో ఎప్పుడూ వాడేదే అన్నట్టు రాశాను. వ్యాసానికి ప్రాణం రావాలంటే ఒక మనిషి మాట కావాలనిపించింది. ఆ వాక్యం తయారుచేశాను. అది పత్రికలో వచ్చింది, పుస్తకంలో చేరింది.

నిమ్మకాయ బాబాకు, నాకు తేడా ఏమిటి? ఆయన కత్తికి పూశాడు, నేను శబ్దానికి పూశాను. లేదు, ఒక తేడా ఉంది. ఆయన విద్య పారింది. నాది పారలేదు. పారిందని రాశాను.

వ్యాసం అచ్చయిన కొన్నాళ్లకు కరుణ కాలేజీకి వచ్చింది. మధ్యాహ్నం, ల్యాబ్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒక చేతిలో మడత పెట్టిన పత్రిక, చంకన లాప్‌టాప్ సంచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, గిది మీరు రాసిందేనా?"

"అవునమ్మా. నీ పేరు ఎక్కడా రాయలేదు గదా."

"మా దిక్కు మందిరాలల్ల కీబోర్డు వాయించే ఆడమనిషి నేనొక్కదాన్నే సార్. ఇంక పేరెందుకు?" పత్రిక విప్పి, వేలు పెట్టి చూపించింది. "గీ మాట నేనెప్పుడన్న? ఏ దినమన్న? నాకు యాదికొస్తలేదు. జర యాది చెయ్యుండ్రి."

"మాట అదే కాకపోవచ్చు. అర్థం అదే గదా కరుణా."

"అర్థం మీది సార్. నోరు నాది."

ఆమె లాప్‌టాప్ తీసి బల్ల మీద తెరిచింది. తన ప్యాడ్ ఫైలు తెరిచింది. తయారుచేసినవారు అన్న గడిలో నా పేరు ఉంది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మార్చి దాచినప్పుడు నా అలవాటు కొద్దీ నేనే టైపు చేసుకున్నాను. పనికి పేరు పెట్టాలి కదా!

"ఆ దినం రేకులు అదిరినయి సూడుండ్రి, గప్పుడే అనుమానమొచ్చింది. ఇంటికి పోయి తెరిశి సూశిన. మీరే నేర్పిన్రు గద, తెరిశి సూడాలె అని."

"మీ మందిరం పెద్దమనుషులకు చూపించినవా?" అదీ నేను అడిగిన ప్రశ్న. సిగ్గు లేకుండా.

"లే. సూపెడ్తే మావోళ్లు మీ కాలేజి కాడికొస్తరు. మా తమ్ముడైతే అసలే ఊకోడు. మీరే వచ్చి చెప్తరనుకున్న." పత్రికను మళ్లీ మడిచింది. "నన్ను కీబోర్డు కాడికెల్లి లేపి ఎనక కూసోమన్నరు సార్. గది పోనీ. ఎల్లమ్మ అవ్వ ఏమడిగిందో తెల్సా? 'బిడ్డా, ఆ దినం నేనేడ్సింది గూడ నీ మిషినేనా?' అని. అవ్వ ఏడ్సినప్పుడు నా చేతులు ఒళ్లె ఉన్నయి. మీరు సూడలేదా?"

చూశాను. నాకంటే బాగా ఎవరూ చూడలేదు.

"ఆదివారం సాక్ష్యం చెప్పే టైముల ఎవరన్న లేశి మాట్లాడొచ్చు సార్. నమ్మినోళ్లే కావాల్నని లేదు. మా మామ ఒకపారి తాగొచ్చి గూడ చెప్పిండు. రెండు ముక్కలు చాలు. ఆ సౌండు నేను పెట్టిన, ఆమెకు తెల్వదు, ఆమె ఆ మాట అనలే. గంతే."

"నేను చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పడమా? అది నా సిద్ధాంతానికి విరుద్ధం."

"నిజం చెప్పొద్దనా సార్ మీ సిద్ధాంతం?"

ఆలోచిస్తానన్నాను. ఆమె లాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఒక ఆదివారం గడిచింది. ఇంకొకటి గడిచింది. నేను పోలేదు. పోకపోవడానికి ప్రతి వారం ఒక కొత్త సిద్ధాంతం దొరికింది నాకు. మత సంస్థ వేదికను గుర్తించినట్టవుతుంది. ఉద్యమానికి నష్టం. ప్రత్యర్థుల చేతికి ఆయుధం. చిన్న తప్పు కోసం పెద్ద సత్యాన్ని బలిపెట్టడం. ఇవన్నీ నేను పీఠాధిపతుల మీద వ్యాసాల్లో ఎండగట్టిన సాకులే. ఒక్కటీ కొత్తది కాదు.

మరి ఇప్పుడెందుకు?

ఈమధ్య మహబూబ్‌నగర్‌లో ఒక సభ. దొంగ వీడియోలు, తప్పుడు వార్తల మీద మాట్లాడమని పిలిచారు. నన్ను పరిచయం చేసిన అమ్మాయి ఆ వాక్యం చదివింది. ఊరికే చదవలేదు, తప్పు ఒప్పుకునే మనిషి గొంతులోని తడబాటు పలికిస్తూ, 'సార్' అన్న చోట చిన్నగా ఆగుతూ చదివింది. ఎంత బాగా చదివిందంటే, ఆ మనిషి నిజంగా ఉన్నట్టే అనిపించింది. చప్పట్లు మోగాయి. నేను లేచి మైకు ముందుకు పోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పి దిగిపోయాను. నిర్వాహకులు గ్లూకోజ్ నీళ్లు తాగించారు.

కరుణ ఇప్పుడు ఆత్మకూర్‌లో ఉంటోందని తెలుసుకుని, మర్నాడే బస్సెక్కాను. అద్దెకు తీసుకున్న చిన్న దుకాణపు మడిగెలో కుట్టు మిషన్ పెట్టుకుంది. నన్ను చూసి గుర్తుపట్టి, స్టూలు జరిపింది. చెప్పడం మొదలుపెట్టాను. శీర్షికలు మార్చిన సంగతి, వాక్యం తయారుచేసిన సంగతి, అన్నీ. ఎంతోమందికి ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి, ఆ స్టూలు మీద మాట మాటకూ తడబడ్డాను. ఆమె రవికె చేతులు కుడుతూనే విన్నది. ఇక్కడి మందిరంలో వాయిస్తున్నవా అని అడిగితే, నాకు వాయించొస్తదని ఈడ ఎవరికీ చెప్పలేదన్నది. అంతా అయిపోయాక దారం కొరికి, నా దిక్కు చూసింది.

"గిదంత నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు తెల్సిందే గద. తెల్వనోళ్లకు చెప్పుండ్రి."

క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. ఆ తిట్టు తీసుకుని ఇంటికి పోయి, లెక్క తేలిపోయిందని అనుకునేవాణ్ణి కాబోలు. ఆమె నాకు ఆ వీలు ఇవ్వలేదు. ఇంకో రవికె తీసుకుంది. నేను లేచి వచ్చేశాను.

నార్కట్‌పల్లి దాటి లోపలున్న ఆ ఊరికి ఇంకా పోలేదు. ఎల్లమ్మ అవ్వ ఉందో లేదో కరుణను అడిగే ధైర్యం చాల్లేదు. మనుషుల ముందు నిలబడటం కంటే కాగితం ముందు కూర్చోవడం తేలిక, అందుకే ముందు ఇది రాస్తున్నాను. ఇదీ తెలుసు నాకు. రాస్తుంటే ఛాతీలో ఏదో కొంచెం సడలింది. ఆ సడలింపును కూడా అనుమానంగానే చూస్తున్నాను. కానీ సడలిందన్నది నిజం. ఇకనుంచి నిజాలే రాయాలి కాబట్టి రాశాను.

కరుణ చెప్పిన తెలియనివాళ్లు ఎవరో బస్సులో వస్తూ ఆలోచించాను. మీరే. నా వ్యాసం చదివి నమ్మినవాళ్లు, పదిమందికి చదివి వినిపించినవాళ్లు, చర్చిలో కళ్లు తుడుచుకునే మనిషిని చూసి ఆ వాక్యం గుర్తొచ్చి లోపల నవ్వుకున్నవాళ్లు. మీకు నా మీద కోపం రావచ్చు. రానివ్వండి, కానీ కోపంతో సరిపెట్టుకుని కూర్చోకండి. ఆ పుస్తకం మీ దగ్గరుంటే ఇప్పుడే తీయండి. ఆ వాక్యం మీద కలంతో అడ్డంగా గీత గీయండి. పక్కన మీ చేత్తో రాయండి: 'ఆమె ఈ మాట అనలేదు. శబ్దం పెట్టింది ఈ రచయిత. జనం ఏడ్చింది శబ్దం ఆగినాక.' రాసి, ఆ వ్యాసం మీరు ఎవరికి చదివి వినిపించారో వాళ్ల దగ్గరికి పోయి, అంతే గట్టిగా ఇది చదివి వినిపించండి.